ఒక గంట మౌనం

ఆ గురువారం ఉదయం నోటీసు మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ప్రింటింగ్ గదికి నోటీసు పంపాలి, పదకొండుకల్లా అది గోడలకెక్కాలి, మూడింటికి లైబ్రరీ పెద్ద హాల్లో కనీసం యాభై మంది కూర్చోవాలి. మొదటి రెండూ ఆమె చేతిలో ఉన్న పనులు. మూడోది దేవుడి చేతిలో ఉంది. దేవుడు ఆ వారమంతా వేరే పనిలో ఉన్నట్టు కనిపించాడు.

విశ్వవిద్యాలయంలో కార్యక్రమాలు చూసే అధికారిణి ఆమె. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఆ వారానికి ఆమె 'అందరి వారం' అని పేరు పెట్టింది. సోమవారం ఒంటి రంగును బట్టి మనిషిని తూచడం గురించి ప్రసంగం. ఏడుగురు వచ్చారు, అందులో ఇద్దరు ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చినవాళ్ళు. మంగళవారం 'ఇంటిపని ఎవరిది' అన్న చర్చకు తొమ్మిది మంది ఆడవాళ్ళు, ఒక మగవాడు హాజరయ్యారు. ఆ ఒక్కడూ మైకు బాగుచేసే మనిషి. బుధవారం సామాజిక న్యాయం గురించి మాట్లాడడానికి వచ్చిన పెద్దమనిషి నోటీసు మేడమ్‌కీ, కిటికీలో కూర్చున్న ఒక పావురానికీ గంటన్నర పాటు ఎంతో ఓపిగ్గా చెప్పి వెళ్ళాడు.

బుధవారం సాయంత్రమే రిజిస్ట్రారు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. గురువారం కూడా యాభై మందికి తక్కువైతే వచ్చే ఏడు ఈ వారం ఉండదు, దానితో పాటు సైగల భాష తరగతి కూడా ఉండదు.

నోటీసు మేడమ్‌ను బాధపెట్టింది ఆ రెండో మాటే. సైగల భాష నేర్పే టీచరుకు పుట్టుకతోనే వినపడదు. ఎప్పుడూ చేతిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది, సైగలు రానివాళ్ళతో అందులో రాసి మాట్లాడుతుంది. విశ్వవిద్యాలయం మొత్తానికి వినపడని విద్యార్థులు నలుగురు. పాఠాలు ఎలాగో బోర్డు చూసి నెట్టుకొస్తారు. భోజనాల వేళ మాత్రం క్యాంటీన్‌లో మూలబల్ల దగ్గర, ఒక దీవిలో ఉన్నట్టు, నలుగురే కూర్చుంటారు. టీచరు ఒకసారి పుస్తకంలో ఇలా రాసి చూపించింది: "మిగతావాళ్ళకి పది సైగలు వస్తే చాలు. ఆ బల్ల దగ్గరికి ఇంకో కుర్చీ వస్తుంది." నోటీసు మేడమ్ ఆ కాగితం అడిగి తీసుకుని తన పర్సులో దాచుకుంది.

పొద్దున కాఫీ తాగుతూ ఆమె నోటీసు చిత్తుప్రతిని అత్తగారికి చూపించింది. అత్తగారు ముప్పై రెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైనావిడ. ఎర్ర పెన్ను తీసుకుని మొదటి పన్నెండు వరసలూ కొట్టేసింది.

"నోటీసు చదివేవాడు నడుస్తూ చదువుతాడమ్మా. రెండడుగులు వేసేలోపు విషయం అయిపోవాలి," అంది.

అలా మిగిలిన నోటీసు నిజంగానే బాగుంది. పైన పెద్ద అక్షరాల్లో: 'ఒక గంట మౌనం. ఈ రోజు మూడు గంటలకు, లైబ్రరీ పెద్ద హాలు. అందరూ రండి. మాటలు వద్దు.' అట్టడుగున చిన్న అక్షరాల్లో: 'చేతులతో మాట్లాడుకుందాం. సైగల భాష, మొదటి పాఠం.' చుట్టూ ఆకాశనీలం రంగులో అలల అంచు.

ఆ రోజు మంచు విపరీతంగా కురిసింది. తొమ్మిదైనా భవనాల పై అంతస్తులు కనిపించలేదు. గడియారస్తంభం నడుము దాకా కనిపించి, ఆపైన ఎవరో చెరిపేసినట్టు ఆగిపోయింది. ఆ తెల్లదనంలో ప్రింటింగ్ గది ఆపరేటర్ దీపం పెట్టుకుని నోటీసు మిషన్‌కి ఎక్కించాడు. నీలం ఇంకు అయిపోయింది, నల్లది ఉంది. కాగితం కూడా మిషన్ పట్టేదానికంటే రెండంగుళాలు పొడుగు. అడక్కుండా ఏ పనీ చేసే మనిషి కాదు కాబట్టి ఫోను చేశాడు. సరిగ్గా అప్పుడే నోటీసు మేడమ్ ఇంకో చెవికి ఇంకో ఫోను పెట్టుకుని, హాల్లో కుర్చీలు తక్కువ వేయమని రిజిస్ట్రారు ఆఫీసుకు చెబుతోంది. ఖాళీ కుర్చీలు కనపడితే పరువు పోతుందని ఆమె భయం. అంచు నల్లగా వస్తుందనీ, కింద కాస్త తెగుతుందనీ ఆపరేటర్ చెప్పాడు. ఆమెకు అంచు అన్న మాట ఒక్కటే చేరింది.

"ఏ రంగైనా ఫరవాలేదయ్యా. పదకొండుకల్లా గోడల మీద ఉండాలి, అంతే," అంది.

మిషన్‌లోంచి మొదటి కాగితం బయటికి వచ్చింది. చుట్టూ దళసరి నల్ల అంచు. మధ్యలో 'ఒక గంట మౌనం', దాని కింద చోటూ వేళా, 'అందరూ రండి', 'మాటలు వద్దు'. ఆ తర్వాత ఏమీ లేదు. ఆపరేటర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి, తలమీది టోపీ తీసి పక్కన పెట్టాడు. ఎవరు పోయారో అడగాలనుకున్నాడు కానీ, నోటీసులో మాటలు వద్దన్నారు కదా అని ఊరుకున్నాడు.

పదకొండింటికి గేటు దగ్గర గోడ మీద నోటీసు అంటించారు. వాచ్‌మన్ చదివాడు. పక్కనే మొక్కలకు పాదులు తీస్తున్న తోటమాలికి వినిపించాడు. పోయినవాళ్ళ పేరు లేకపోవడం ఇద్దరికీ వింతగా తోచింది. వాచ్‌మన్ ఆలోచనాపరుడు. మౌనం అన్నారు, లైబ్రరీ హాలన్నారు, మాటలు వద్దన్నారు. ఇంక పేరు వేయడం దేనికి? ఈ మూడూ కలిస్తే వచ్చేది ఒక్కరే.

"ష్ సారు," అన్నాడు మెల్లగా.

ష్ సారు అంటే పాత లైబ్రేరియన్. ముప్పై ఏళ్ళు ఆ పెద్ద హాల్లో చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని తిరిగిన మనిషి. ఆయన 'ష్' అంటే గోడ గడియారం కూడా ఒక సెకను ఆలోచించి కొట్టేదని విద్యార్థులు చెప్పుకునేవారు. రిటైరై నాలుగేళ్ళయింది. మొదట్లో అప్పుడప్పుడూ కనిపించేవాడు, తర్వాత రావడం మానేశాడు. ఎదురుపడి పలకరించినా చూడనట్టు వెళ్ళిపోయేవాడు. మనిషికి గర్వం పెరిగిందని అందరూ అనుకున్నారు. ఇప్పుడు అలా అనుకున్నందుకు తోటమాలికి గుండె కలుక్కుమంది. పార అక్కడే పడేసి పూలు కోయడానికి వెళ్ళాడు.

మంచు మెట్లెక్కినట్టే ఆ కబురూ మెట్లెక్కింది. ఎవరూ గట్టిగా చెప్పలేదు, చెవిలో చెప్పుకున్నారు. రెండో అంతస్తు చేరేసరికి ఆయన నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయారు. మూడో అంతస్తులో చేతిలో పుస్తకం కూడా ఉంది. పన్నెండు గంటలకు విశ్వవిద్యాలయమంతా దూదిలో చుట్టిపెట్టినట్టయింది. జనం కాలి చప్పుడు వినపడకుండా నడిచారు, తలుపులు చేత్తో పట్టుకుని మూశారు. క్యాంటీన్‌లో చెంచాలు కూడా నెమ్మదిగా మోగాయి. మూలబల్ల దగ్గర నలుగురూ తలలెత్తి చుట్టూ చూశారు. ఊరంతా తమలా అయిపోయిందేమిటా అని వాళ్ళకు అర్థం కాలేదు.

ఈ వరండాల్లో నోటీసు మేడమ్ కలలో నడిచినట్టు నడిచింది. ఎదురైనవాళ్ళు మాట్లాడకుండా గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచుతున్నారు. కొందరు కళ్ళు మూసుకుని తలాడిస్తున్నారు. తన నోటీసు చదివి అందరూ అప్పుడే సైగలు సాధన చేస్తున్నారని ఆమె అనుకుంది. అంత ఆనందం ఆమెకు ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ కలగలేదు. సాహిత్యం ప్రొఫెసర్ మెట్ల దగ్గర కనబడితే, మూడింటికి వస్తున్నారు కదా అని అడిగింది.

ఆయన దీర్ఘంగా నిట్టూర్చాడు. "అందరం వెళ్ళాల్సిందే కదమ్మా. ఇవాళ కాకపోతే రేపు."

"రేపు కాదు సార్, ఇవాళే. మూడింటికల్లా వెళ్ళిపోదాం, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను," అంది నోటీసు మేడమ్ నవ్వుతూ.

ప్రొఫెసర్ ఒక మెట్టు వెనక్కి వేశాడు. తర్వాత చాలాసేపు తన గదిలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. ధైర్యం వచ్చాక ష్ సారు మీద ఎనిమిది పేజీల స్మృతిగీతం రాశాడు. రాయడం అయ్యాక గానీ, మాటలు వద్దన్న సంగతి ఆయనకు గుర్తురాలేదు.

ఒంటిగంటన్నరకు తోటమాలి పెద్ద పూలచక్రం మోసుకుని ష్ సారు ఇంటికి వెళ్ళాడు. తెల్లచామంతులు, చుట్టూ ఆకులు, లోపలెక్కడో వాచ్‌మన్ రాసిచ్చిన చిన్న కార్డు. గుమ్మం పక్కన సారు బూట్లు జంటగా, శుభ్రంగా తుడిచి పెట్టి ఉండడం చూసి అతనికి కళ్ళు చెమర్చాయి. తలుపు తీసింది సారు భార్య. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చకచకా మాట్లాడుతుంది. తోటమాలి తల దించుకునే పూలచక్రం అందించాడు.

"సారు గురించేనమ్మా, అందరూ అనుకుంటున్నారు. మూడింటికి లైబ్రరీలో. మీరు కూడా రావాలి."

ఆమె మొహం విప్పారింది. సన్మానమన్నమాట. దండ మెడలో పట్టేలా లేదు, చక్రంలా బిగించి కట్టారు, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుంది.

"ఇన్నాళ్ళకైనా గుర్తొచ్చారు, అదే చాలు. ఆయన్ని తీసుకుని వస్తానులే."

తోటమాలి తలెత్తాడు. "సారునా? ఎలా తీసుకొస్తారమ్మా?"

"ఎలా ఏముంది, నడిపించుకునే. ఎప్పుడూ పడుకునే ఉంటున్నారు. నాలుగడుగులు వేస్తే ఆయనకీ మంచిది."

తోటమాలి చేతులు జోడించి వెనుదిరిగాడు. తిరిగొచ్చి, అమ్మగారికి ఇంకా నమ్మకం కుదరలేదనీ, మనసు అదోలా అయిపోయిందనీ వాచ్‌మన్‌తో చెప్పాడు.

ఇంట్లో సారు భార్య ఆయన్ని లేపి, సన్మానం సంగతంతా చెప్పింది. ఆయన అంతా విని, "అలాగే," అన్నాడు. ఆయన నాలుగేళ్ళుగా ఏం చెప్పినా అలాగే అంటున్నాడు. ఏం చెప్పారో వినపడక అంటున్నాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. ఒకప్పుడు పేజీ తిప్పిన చప్పుడు కూడా పట్టేసిన చెవులు అలా అయ్యాయని ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనం. అందుకే బయటికి పోవడం మానేశాడు, ఎదురుపడినవాళ్ళను చూడనట్టు నటించాడు. ఆయన దాచుకున్నది తాను బయటపెట్టడం ఎందుకని ఆమె కూడా ఊరుకుంది. ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా నాలుగేళ్ళుగా సరైన సంభాషణ జరగలేదు. ఆమె కోటు తెచ్చి తొడిగింది. ఎక్కడికని అడగాలంటే, చెప్పలేదా అంటుందేమోనని ఆయన అడగలేదు.

మూడుకు పావుగంట ఉందనగా నోటీసు మేడమ్ హాలుకు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. యాభై కుర్చీలు వేయించిన హాల్లో నాలుగు వందల మంది ఉన్నారు. కుర్చీలు చాలక నేల మీద, కిటికీ అరుగుల మీద, పుస్తకాల బీరువాల మధ్య కూర్చున్నారు. వినపడని నలుగురు కూడా గోడవారగా కూర్చున్నారు. ఎక్కడా ఒక్క శబ్దం లేదు. మంచు పలచబడి, ఎత్తైన కిటికీల్లోంచి పాలలాంటి వెలుతురు జనం తలల మీదికి దిగుతోంది. అప్పుడామె తలుపు మీది నోటీసు చూసింది. నల్ల అంచు చూసింది. అడుగున ఉండాల్సిన రెండు వరసలూ లేకపోవడం చూసింది. పక్కన నిలబడిన రిజిస్ట్రారు చేతికి నల్ల రిబ్బను ఉంది.

"మంచి పని చేశావమ్మా. మాకెవరికీ కబురే లేదు, నువ్వు ఒక్కదానివే తెలుసుకుని ఏర్పాటు చేశావు," అన్నాడాయన గుసగుసగా.

ఎవరు పోయారని ఆమె అడిగింది. అంత దుఃఖంలో ఉందనుకుని ఆయన జాలిగా చెప్పాడు. నోటీసు మేడమ్ తలుపు మీది నోటీసును మళ్ళీ మొదటి నుంచి చదివింది. తాను విద్యార్థినిగా ఉన్నప్పుడు పరీక్షల ముందు మూసేవేళ దాటినా ఇంకో అరగంట దీపం ఉంచిన మనిషి ఆయన. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. సరిగ్గా ఆయన పోయిన రోజే తన నోటీసు ఇలా అచ్చవడం ఎంత విచిత్రమో అనుకుంది. తన నోటీసు వల్లే ఆయన పోయాడన్న ఆలోచన ఆమెకు తట్టలేదు. నాలుగు వందల మంది నమ్మినదాన్ని ఆమె ఒక్కతే ఎందుకు కాదంటుంది?

ఇంతలో టీచరు హాల్లోకి వచ్చింది. ఆమె ఆరుగురిని ఊహించుకుని వచ్చింది. ఇందరు మనుషులు, ఒక్కరి పెదవీ కదలకుండా, తన వైపే చూస్తూ కూర్చోవడం ఆమె జీవితంలో ఎన్నడూ చూడలేదు. వినపడేవాళ్ళు ఒక్క నిమిషం కూడా నోరు కదపకుండా ఉండలేరని ఆమె అనుభవం. అలాంటిది తన కోసం ఇంతమంది మాట మానేశారు. ఆమె కళ్ళు తుడుచుకుని వేదిక ఎక్కింది.

మోచెయ్యి నిలబెట్టి, వేళ్ళు విప్పి గాలికి ఊపింది. బోర్డు మీద 'చెట్టు' అని రాసింది. జనం సందేహంగా చూశారు. సాహిత్యం ప్రొఫెసర్‌కు ముందుగా అర్థమైంది, మహావృక్షం కూలిందని చెబుతోంది కాబోలు. ఆయన కన్నీళ్ళతో చెయ్యెత్తి ఆకులు ఊపాడు. పక్కవాళ్ళు మర్యాదకు తామూ ఎత్తారు. రెండు నిమిషాల్లో హాలంతా అడవి అయింది. నాలుగు వందల చెట్లు ఆ పాలవెలుతురులో చప్పుడు లేకుండా ఊగాయి. తర్వాత రెండు చూపుడువేళ్ళు కొక్కేల్లా తగిలించి 'స్నేహం' నేర్పింది. వేలికొసలు నుదుటికి ఆనించి 'తెలుసు' నేర్పింది. చేతులు పైకెత్తి గాలిలో తిప్పితే అదే చప్పట్లని నేర్పింది. సంతాపం చెప్పే పద్ధతి ఇంత అందంగా ఉంటుందని ఎవరికీ తెలియదు. గోడవారనున్న నలుగురు మాత్రం నిండా నవ్వుతున్నారు. వాళ్ళను చూసి జనం, పాపం ఎంతగా చలించిపోయారో అనుకున్నారు.

మూడుంబావుకు తలుపు తెరుచుకుంది. కోటు వేసుకుని, పూలచక్రం రెండు చేతులా పట్టుకుని ష్ సారు లోపలికి వచ్చాడు. పక్కన ఆయన భార్య.

ఎవరూ కేక పెట్టలేదు. పెట్టడానికి నాలుగు వందల నోళ్ళు తెరుచుకున్న మాట నిజమే. కానీ ఆ హాల్లో, ఆయన చూస్తుండగా, గొంతెత్తే ధైర్యం ఎవరికి ఉంది? నోళ్ళు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. వెనక వరసలో తోటమాలి మాత్రం కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆ చప్పుడుకు హాల్లో తలలన్నీ అటు తిరిగాయి.

రెండు తలలు తిరగలేదు. ఒకటి వేదిక మీద టీచరుది. రెండోది ష్ సారుది. ఆయన తన హాలు ఇంత నిశ్శబ్దంగా ఉన్నందుకు తృప్తిగా చుట్టూ చూసి, రిజిస్ట్రారు ఖాళీ చేసిన ముందు కుర్చీలో కూర్చున్నాడు.

టీచరు అది గమనించింది. వేదిక దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. తన చెవి చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పింది. నవ్వింది. తర్వాత ఆయన చెవి వైపు చూపించి, కనుబొమలెత్తింది.

నాలుగేళ్ళుగా దాచిన దాన్ని ఒక అమ్మాయి ఒక్క చూపులో పట్టేసింది, పైగా అదేమీ సిగ్గుపడాల్సిన విషయం కానట్టు నిలబడి ఉంది. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె, బోర్డు మీద 'తెలుసు' అన్న మాట పక్కన టీచరు గీసిన బొమ్మ చూసి, వేలికొసలు నుదుటికి ఆనించింది. తెలుసు. ఎన్నాళ్ళుగా అన్నట్టు ఆయన చెయ్యి విప్పాడు. ఆమె నాలుగు వేళ్ళు చూపించింది. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు గానీ, నవ్వుతున్నాడు. తర్వాత చెవి ముట్టుకుని, టీచరు చేసినట్టే చెయ్యి తిప్పాడు.

ఆ కదలికకు ఒడిలోని పూలచక్రంలోంచి కార్డు బయటపడింది. అచ్చయినదైనా, రాసినదైనా చదవకుండా వదిలే అలవాటు ఆయనకు లేదు. 'సారు ఆత్మకు శాంతి కలుగుగాక. ఇట్లు, గేటు మరియు తోట.' ఆయన రెండుసార్లు చదివాడు. తలెత్తి, జనం చేతులకు కట్టుకున్న నల్ల రిబ్బన్లు చూశాడు. కార్డు భార్యకు ఇచ్చాడు. ఆమె చదివి, వెనక వరసలో లేచి నిలబడడానికి తంటాలుపడుతున్న తోటమాలి వైపు నర్సు చూపు ఒకటి విసిరింది.

ష్ సారు లేచి బోర్డు దగ్గరికి నడిచాడు. సుద్దముక్క తీసుకుని, లైబ్రరీ చీటీల మీద రాసే ఆ గుండ్రటి దస్తూరితో, 'ఇంకా లేదు' అని రాశాడు.

మొదట గోడవారనున్న నలుగురూ చేతులెత్తి గాలిలో తిప్పారు. తర్వాత హాలంతా. ఎనిమిది వందల చేతులు పక్షుల్లా లేచి, ఆ వెలుతురులో రెపరెపలాడుతూ చాలాసేపు దిగలేదు. ఎవరి నోటా మాట రాలేదు. గంట పూర్తయ్యేదాకా పాఠం సాగింది, ఇరవై రెండు సైగలు నేర్చుకున్నారు. అందరికంటే త్వరగా నేర్చుకున్నది ముందు కుర్చీలో పెద్దాయనే. మిగిలిన గంటంతా ఆయనా, ఆయన భార్యా ఒకళ్ళ మాట ఒకళ్ళు పూర్తిగా కానివ్వకుండా చేతులాడిస్తూనే ఉన్నారు. టీచరు రెండుసార్లు వాళ్ళ దగ్గరికి వచ్చి, పాఠం చూడమని బతిమాలాల్సి వచ్చింది.

అయ్యాక సాహిత్యం ప్రొఫెసర్ తన ఎనిమిది పేజీలూ వృథా కాకూడదని ష్ సారు చేతిలో పెట్టాడు. ఆయన నిలబడే చదివి, మూడు అక్షరదోషాలు దిద్ది తిరిగి ఇచ్చాడు. నోటీసు మేడమ్ రిజిస్ట్రారు ముందు నిలబడి జరిగిందంతా చెప్పి, తెగిన నోటీసు చూపించి, తనదే పొరపాటంది. రిజిస్ట్రారు చేతి రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాడు. పొరపాటు సంగతి తనకు తెలియదనీ, హాజరు నాలుగు వందల పన్నెండనీ, వచ్చే ఏడు 'అందరి వారం'తో పాటు సైగల తరగతి కూడా ఉంటుందనీ అన్నాడు. టీచరుకు ఆమె అదంతా పుస్తకంలో రాసి చూపించింది. టీచరు మొదటి నుంచి చివరి దాకా చదివి, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆగక మెట్ల మీద కూలబడింది.

అప్పుడు రిజిస్ట్రారు గుమస్తా ఒక ఫైలు పట్టుకుని వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. మధ్యాహ్నమే సంతకమై, అన్ని విభాగాలకూ చేరిపోయిన ఉత్తర్వు ఒకటి ఉంది: 'మాజీ లైబ్రేరియన్ గారు మరణించినందుకు శుక్రవారం సెలవు.' రద్దు చేద్దామా అని రిజిస్ట్రారు తలెత్తేసరికి హాలు ఖాళీ అయిపోయింది. విద్యార్థులు అప్పటికే సంచులు సర్దుకుని సగం దారిలో ఉన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, పెన్ను తీసి, 'చి' మీది గుడి ఒక్కటి కొట్టేసి, మరణించనందుకు శుక్రవారం సెలవు ఇచ్చాడు.